ఒక్క బర్రె రెండుగా కనిపిస్తే... అద్దాల షాపుకు పోకండి!

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతా.

మా పెదనాయనది దేవరకొండ దగ్గర ఊరు. బీపీ ఉంది, గోలీలు మాత్రం సరిగ్గ వేసుకోడు. ఒకరోజు పొద్దున లేవంగనే కొట్టంలో ఉన్న ఒక్క బర్రె రెండుగా కనిపించింది. నంబర్ మారిందనుకుని నల్గొండ పోయి కొత్త కండ్లద్దాలు చేయించుకున్నడు. రెండు రోజులు అట్లనే పోయినయ్. మూడో రోజు హైదరాబాద్‌లో ఎంఆర్ఐ తీస్తే తెలిసింది, అది చిన్న బ్రెయిన్ స్ట్రోక్ అని.

కంటికీ స్ట్రోక్‌కూ ఏం సంబంధం? ఒక్కో కంటికి 6 కండరాలు ఉంటాయి. వాటిని నడిపేవి మెదడు నుంచి వచ్చే 3, 4, 6 నంబర్ నరాలు. మీరు కుడివైపు చూడాలంటే కుడికన్ను బయటికి, ఎడమకన్ను ముక్కువైపుకు ఒకేసారి తిరగాలి. ఆ రెండింటినీ సింక్ చేసే సన్నటి వైరింగ్ బ్రెయిన్‌స్టెమ్‌లో ఉంటుంది. అక్కడ రక్తం అందక దెబ్బతింటే ఒక కన్ను తిరుగుతది, ఇంకోటి మధ్యలోనే ఆగుతది. రెండు కెమెరాలు చెరో దిక్కు చూసినట్టు! పెదనాయనకు అయ్యింది ఇదే. పేరు ఇంటర్‌న్యూక్లియర్ ఆఫ్తాల్మోప్లీజియా. పెద్దవాళ్లలో ఎక్కువగా స్ట్రోక్‌తో వస్తుంది. వయసులో ఉన్నవాళ్లలో, అదీ రెండు కళ్లకూ వస్తే, మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను అనుమానిస్తారు.

ఇంట్లోనే చేసే టెస్ట్ ఒకటుంది. ఒక కన్ను మూయండి, తర్వాత రెండోది. ఏ కన్ను మూసినా ఒక్కటే కనిపిస్తే, కళ్లు రెండూ ఒకే దిక్కు చూడట్లేదని అర్థం. కారణం కండరం, నరం, మెదడు, వీటిల్లో ఏదైనా కావచ్చు. ఒక కన్ను మూసినా రెండే కనిపిస్తే, ఎక్కువసార్లు అది శుక్లం లాంటి కంటి సమస్యే.

"సీటీ స్కాన్ నార్మల్ వచ్చింది కదా" అని ధీమాగా ఉండొద్దు. రక్తస్రావాన్ని సీటీ బాగా పట్టుకుంటుంది. కానీ బ్రెయిన్‌స్టెమ్ చుట్టూ మందపాటి ఎముక ఉండడంతో అక్కడి చిన్న దెబ్బలు సరిగ్గ కనపడవు. వాటికి ఎంఆర్ఐ కావాలి. మొదటి ఒకటి రెండు రోజుల్లో అది కూడా ఒక్కోసారి మిస్ అవుతుంది. అందుకే కళ్లు ఎట్లా తిరుగుతున్నయో డాక్టర్ చూడడం స్కాన్ అంత ముఖ్యం.

భయపెట్టడానికి చెప్పట్లేదు. షుగర్ వల్ల కూడా కంటి నరం దెబ్బతింటుంది, అది చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. కానీ అది షుగరా, స్ట్రోకా అని తేల్చాల్సింది మనం కాదు. రెప్ప వాలి, కంటిపాప పెద్దదై, తలనొప్పి ఉంటే మెదడు రక్తనాళం ఉబ్బి ఉండొచ్చు. అది ఎమర్జెన్సీ.

స్ట్రోక్‌లో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా 4.5 గంటల టైమే ఉంటుంది. మా పెదనాయన ఆ టైమ్‌ను అద్దాల షాపులో పోగొట్టుకున్నడు. అదృష్టం కొద్దీ చూపు కొన్ని వారాల్లో సర్దుకుంది. ఇప్పుడు బీపీ గోలీ మర్చిపోడు.

మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి "రెండు కనపడుతున్నయ్‌రా" అంటే, టైమ్ చూసుకోండి, 108కి కొట్టండి. ఈ ముచ్చట మీ ఫ్యామిలీ గ్రూప్‌లో వేయండి. మళ్లీ కలుద్దాం!