మామిడి పార్సిళ్ల రవాణా బీమా - ఆన్‌లైన్ విక్రేతలకు అందే ఫిర్యాదుల పరిష్కారం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో మామిడి రైతులు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు మండీలకు సరుకు పంపడంతో పాటు ఆన్‌లైన్‌లో ఆర్డర్లు స్వీకరించి బంగినపల్లి, సువర్ణరేఖ, రసాలు, హిమాయత్ వంటి రకాలను అట్టపెట్టెలలో నేరుగా వినియోగదారుల ఇళ్లకు పంపుతున్నారు. ఈ పద్ధతిలో మధ్యవర్తుల ప్రమేయం తగ్గి రైతుకు మెరుగైన ధర లభించే అవకాశం ఉంది. అయితే మండీలో సరుకు అమ్ముడై తూకం ముగియడంతో తీరిపోయే బాధ్యత, ఇక్కడ వినియోగదారుడు పెట్టె తెరిచి పండు కోసి చూసే వరకు కొనసాగుతుంది.

పెట్టె నలిగిందనీ, పండ్లు కుళ్లాయనీ, ఆలస్యంగా చేరాయనీ ఫిర్యాదులు వచ్చినప్పుడు చాలామంది విక్రేతలు “బీమా సంస్థ తేల్చేవరకు ఆగండి” అని సమాధానమిస్తారు. బీమా రుసుము చెల్లించిన వినియోగదారుడు దీనితో మరింత అసంతృప్తి చెందుతాడు. బీమా ఎవరి నష్టాన్ని భరిస్తుంది, ఏ నష్టాన్ని భరించదు అన్న విషయంలో స్పష్టత లేకపోవడమే ఈ వివాదాలకు మూలం. చట్టం, బీమా నిబంధనలు, కోతానంతర శాస్త్రం అనే మూడింటినీ కలిపి పరిశీలించినప్పుడే వీటికి సరైన పరిష్కారం లభిస్తుంది.

వినియోగదారుని పట్ల విక్రేత బాధ్యత

1930 నాటి వస్తు విక్రయ చట్టం 39వ సెక్షను ప్రకారం సరుకును రవాణాదారునికి అప్పగించడం సాధారణంగా కొనుగోలుదారునికి అప్పగించడంతో సమానం. అయితే సరుకు స్వభావానికి తగిన రవాణా ఒప్పందం విక్రేత చేసుకోకపోతే, ఆ అప్పగింతను అంగీకరించకుండా ఉండే హక్కును అదే సెక్షను కొనుగోలుదారునికి ఇస్తుంది. పైగా ఇంటి వద్దకే చేరుస్తామని హామీ ఇచ్చి సొమ్ము తీసుకున్న విక్రేత దారిలో జరిగిన నష్టంతో తనకు సంబంధం లేదనడం కష్టం.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జూలైలో వెలువడిన ఈ-కామర్స్ నియమాలు ఈ బాధ్యతను మరింత స్పష్టం చేశాయి. ఆన్‌లైన్ వేదికలపై అమ్మే విక్రేతలకు 6వ నియమం వర్తిస్తుంది. దాని ప్రకారం వస్తువు లోపభూయిష్ఠంగా ఉన్నా, ప్రకటించిన లక్షణాలు లేకున్నా, చెప్పిన గడువు దాటి చేరినా విక్రేత దానిని వెనక్కు తీసుకోవడానికి గాని, సొమ్ము తిరిగి ఇవ్వడానికి గాని నిరాకరించరాదు. మానవ నియంత్రణకు లోబడని విపత్తుల వల్ల ఆలస్యమైతే మాత్రం మినహాయింపు ఉంది. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోగా తెలియజేసి, ఒక నెలలోగా పరిష్కరించాలి. సొంత వెబ్‌సైటు ద్వారా అమ్మే సంస్థలకు కూడా నియమాలు ఇటువంటి బాధ్యతలనే నిర్దేశించాయి.

వినియోగదారుడు తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. అంటే నూజివీడు నుంచి పంపిన పెట్టె గురించి ఢిల్లీలో కేసు దాఖలు కావచ్చు. ఒక పెట్టె ఖరీదుతో పోలిస్తే అక్కడ వాదించుకోవడానికయ్యే ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఫిర్యాదును తొలి దశలోనే పరిష్కరించడం చిన్న ఉత్పత్తిదారునికి ఆర్థికంగా కూడా మేలు.

బీమా రుసుము వసూలులో పాటించవలసిన నియమాలు

విక్రేత రవాణా బీమా కోసం విడిగా రుసుము వసూలు చేసేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, మొత్తం ధరతో పాటు రవాణా, ప్యాకింగ్ వంటి తప్పనిసరి, ఐచ్ఛిక రుసుముల వివరాలను వినియోగదారునికి ముందుగానే చూపాలి. రెండవది, బీమా గడిలో ముందుగానే టిక్ పెట్టి ఉంచరాదు. అటువంటి గడులను సమ్మతిగా నమోదు చేయడాన్ని ఈ-కామర్స్ నియమాలు నిషేధించాయి. కొనుగోలుదారుని సమ్మతి లేకుండా అదనపు సేవలను బిల్లులో చేర్చడాన్ని 2023 నవంబరు 30న వెలువడిన మార్గదర్శకాలు వినియోగదారులను మోసగించే 13 పద్ధతులలో ఒకటిగా పేర్కొన్నాయి.

మూడవది అతి ముఖ్యమైనది. ఏ బీమా సంస్థ నుంచీ పాలసీ తీసుకోకుండా, పెట్టెకు కొంత సొమ్ము వసూలు చేసి తన వద్దే నిధిగా ఉంచుకొనే విక్రేత దానిని ‘బీమా’ అని పిలవరాదు. నమోదు లేనివారు బీమా వ్యాపారం చేయడాన్ని 1938 బీమా చట్టం 2సి సెక్షను నిషేధిస్తుంది. పాడైన పండ్లకు బదులు పండ్లు పంపడం విక్రేత సొంత హామీ మాత్రమే. ఆ ఖర్చును విడి రుసుముగా చూపకుండా ధరలోనే కలిపి, ‘మార్పిడి హామీ’గా ప్రకటించడం ఉత్తమం.

పాలసీ భరించని నష్టాలు

దేశీయ రవాణాకు సంబంధించిన పాలసీలను బీమా సంస్థలు మెరైన్ కార్గో విభాగం కింద జారీ చేస్తాయి. రోడ్డు, రైలు రవాణాకు ఇన్‌ల్యాండ్ ట్రాన్సిట్ క్లాజులు ఎ, బి, సి అనే మూడు స్థాయిలలో ఉన్నాయి. ‘సి’ స్థాయి ప్రధానంగా అగ్నిప్రమాదం, పిడుగుపాటు వరకే పరిమితం. ‘బి’ స్థాయిలో వాహనం ఢీకొనడం, బోల్తాపడడం, వంతెన కూలడం వంటి ప్రమాదాలు కూడా చేరతాయి. ‘ఎ’ స్థాయి మినహాయింపులు పోగా మిగిలిన అన్ని నష్టాలకూ వర్తిస్తుంది.

అయితే ‘ఎ’ స్థాయిలో సైతం ఆలస్యం వల్ల కలిగే నష్టం, సరుకు సహజ స్వభావం వల్ల పాడవడం, తగిన ప్యాకింగ్ లేకపోవడం మినహాయింపులుగానే ఉంటాయి. 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం 55వ సెక్షనులోనూ, పాలసీలో వేరుగా పేర్కొంటే తప్ప, ఆలస్యం, సహజ క్షయం మినహాయింపులుగా ఉన్నాయి. మామిడి పార్సిళ్లలో సాధారణంగా ఎదురయ్యే సమస్యలు సరిగ్గా ఇవే.

ఇక్కడే చిన్న విక్రేత చిక్కులో పడతాడు. ఆలస్యానికి వినియోగదారునికి సొమ్ము తిరిగి ఇవ్వాలని నియమాలు చెబుతున్నాయి. అదే ఆలస్యానికి పరిహారం లేదని పాలసీ చెబుతుంది. ఈ రెండింటి మధ్య ఏర్పడే నష్టం విక్రేతపైనే పడుతుంది. విక్రేత రైతు ఉత్పత్తిదారుల సంస్థ అయినప్పుడు అది చివరకు సభ్య రైతుల ఆదాయాన్ని తగ్గిస్తుంది. పాలసీ తీసుకునే ముందే మినహాయింపులను, ప్రతి క్లెయిమ్‌లో పాలసీదారు స్వయంగా భరించవలసిన ‘ఎక్సెస్’ మొత్తాన్ని పరిశీలించాలి. ఎక్సెస్ మొత్తం పెట్టె ఖరీదు కన్నా ఎక్కువైతే విడి పెట్టెలకు ఆ పాలసీ ఉపయోగపడదు. వాహనం నిండా సరుకు పంపినప్పుడు జరిగే పెద్ద ప్రమాదాలకే అది రక్షణ.

నష్టం రూపాన్ని బట్టి కారణ నిర్ధారణ

ఫిర్యాదుతో అందిన ఛాయాచిత్రాలను కోతానంతర శాస్త్ర దృష్టితో పరిశీలిస్తే నష్టానికి కారణం చాలావరకు తెలుస్తుంది.

- పెట్టె మూల నలిగి, ఆ వైపు పండ్లు మాత్రమే చితికి ఉంటే అది రవాణాలో కలిగిన దెబ్బ. రవాణాదారుపై గాని, బీమా సంస్థపై గాని క్లెయిమ్‌కు అవకాశం ఉంది.
- పెట్టెకు దెబ్బ తగలకుండా, అడుగు వరుస పండ్లు మాత్రమే నొక్కుకుపోతే పెట్టె బలం చాలలేదని గాని, వరుసలు ఎక్కువయ్యాయని గాని భావించాలి. ఇది ప్యాకింగ్ లోపం.
- పండు పక్వానికి వచ్చే కొద్దీ తొక్కపై నల్లని గుంట మచ్చలు విస్తరిస్తే అది మచ్చ తెగులు. దీని శిలీంధ్రం తోటలోనే కాయకు సోకి, పండే వరకు నిద్రాణంగా ఉంటుంది.
- తొడిమ వద్ద మొదలై కిందికి వ్యాపించే గోధుమరంగు కుళ్లు తొడిమ కుళ్లు తెగులుకు గుర్తు. దీనికి కూడా మూలం తోటలోనే ఉంటుంది.
- తొడిమ నుంచి చారలుగా సాగిన నల్లని మరకలు సొన కారడం వల్ల ఏర్పడినవి. ఇది కోత సమయంలో జరిగిన లోపం.
- పండు రంగు మారక, ముడతలు పడి, రుచి చప్పగా ఉంటే లేత కాయ కోశారని అర్థం.
- తొక్క బూడిదరంగుకు మారి, గుంటలు పడి, సరిగా పండకపోతే అతిశీతల నిల్వ వల్ల కలిగిన హాని కావచ్చు. మామిడికి సుమారు 13 డిగ్రీల సెంటీగ్రేడు అనువైన నిల్వ ఉష్ణోగ్రత.

వీటిలో మొదటి రకానికే బీమా పరిహారానికి గట్టి అవకాశం ఉంది. శీతల హాని రవాణాదారుని శీతల వాహనంలో జరిగిందని ఆధారాలుంటే అతనిని బాధ్యుని చేయవచ్చు. మిగిలినవి తోటలోనూ, ప్యాకింగ్ కేంద్రంలోనూ సరిదిద్దుకోవలసినవి. వాటిని బీమా సంస్థకు పంపితే క్లెయిమ్ తిరస్కరణకు గురవుతుంది. ఈలోగా వినియోగదారుని నమ్మకం కూడా పోతుంది.

ఫిర్యాదు అందిన తర్వాత

వినియోగదారుని ఫిర్యాదును, బీమా క్లెయిమ్‌ను రెండు వేర్వేరు పనులుగా చూడాలి. పాలసీ విక్రేత పేరున ఉన్నప్పుడు క్లెయిమ్ విక్రేతకు, బీమా సంస్థకు మధ్య విషయం. దాని ఫలితం తేలేవరకు వినియోగదారుని ఆపడం సమంజసం కాదు.

ఫిర్యాదు అందగానే రసీదు సంఖ్యతో సమాధానం పంపాలి. పెట్టె నాలుగు వైపులా, పార్సిల్ చీటీ, పాడైన పండ్లు స్పష్టంగా కనబడేలా ఛాయాచిత్రాలు కోరాలి. పాడైన పండ్లు త్వరగా కుళ్లుతాయి గనుక అదే రోజున ఈ ఆధారాలు సేకరించడం అవసరం. తరువాత పాడైన పండ్ల లెక్క ప్రకారం సొమ్ము వాపసు గాని, మారు పెట్టె గాని, వినియోగదారుడు కోరిన విధంగా ఇవ్వాలి. పాడైన పండ్లను తిరిగి పంపమని అడగడం వృథా ఖర్చు.

రవాణాలో నష్టం జరిగినట్లు నిర్ధారణ అయితే వెంటనే బీమా సంస్థకు తెలియజేసి, రవాణాదారు నుంచి నష్ట ధ్రువపత్రం కోరాలి. 2007 రోడ్డు రవాణా చట్టం ప్రకారం బుకింగ్ తేదీ నుంచి 180 రోజులలోగా రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా రవాణాదారుపై దావా వేయడానికి వీలులేదు. ఈ చట్టం కొరియర్ సంస్థలకు కూడా వర్తిస్తుంది. పరిహారం చెల్లించిన తర్వాత రవాణాదారుపై హక్కు బీమా సంస్థకు సంక్రమిస్తుంది. నోటీసు ఇవ్వకుండా ఆ హక్కును పోగొట్టిన పాలసీదారుకు క్లెయిమ్‌లో ఇబ్బంది తప్పదు.

అధిక రిస్కు రుసుము చెల్లించనప్పుడు రవాణాదారు బాధ్యత రవాణా రుసుముకు పది రెట్లకు పరిమితం. అది కూడా ప్రకటించిన విలువను మించదు. ఉదాహరణకు 900 రూపాయల పెట్టెకు 250 రూపాయల రవాణా రుసుము చెల్లించారనుకుందాం. పది రెట్ల లెక్క 2,500 రూపాయలైనా, ప్రకటించిన విలువ 900 రూపాయలైతే అంతవరకే పరిహారం. అదే పెట్టె విలువను 100 రూపాయలుగా రాస్తే లభించేది గరిష్ఠంగా 100 రూపాయలే. కాబట్టి పార్సిల్ చీటీపై నిజమైన విలువ రాయడం విక్రేతకే రక్షణ.

బీమా సంస్థ క్లెయిమ్‌ను తిరస్కరించినా, నెలలోపు సమాధానం ఇవ్వకున్నా సూక్ష్మ సంస్థలు, ఏకవ్యక్తి యాజమాన్య సంస్థలు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకు ఈ కార్యాలయం హైదరాబాదులో ఉంది.

ఫిర్యాదులను తగ్గించే యాజమాన్యం

కాయలను 8 నుంచి 10 సెంటీమీటర్ల తొడిమతో కోసి, తరువాత తొడిమను కత్తిరించి, సొన కారేలా తలకిందులుగా ఉంచాలి. మచ్చ తెగులు నివారణకు 52 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, నీడలో ఆరబెట్టాలి. దూర ప్రాంతాలకు పూర్తిగా పండినవి కాక, పక్వానికి వచ్చిన గట్టి కాయలనే పంపాలి. గాలి రంధ్రాలున్న గట్టి అట్టపెట్టెలో పండ్లు కదలకుండా అమర్చాలి. మాగబెట్టడానికి నిషిద్ధమైన కాల్షియం కార్బైడును ఏ పరిస్థితిలోనూ వాడరాదు. మూసే ముందు ప్రతి పెట్టెను ఛాయాచిత్రం తీసి, తోట, కోత తేదీ, లాటు సంఖ్య నమోదు చేస్తే తరువాత కారణ నిర్ధారణ సులభమవుతుంది.

ముగింపు

రవాణా బీమా పెద్ద ప్రమాదాల నుంచి విక్రేతను కాపాడే సాధనమే గాని, పండు నాణ్యతకు హామీ కాదు. విస్తరణ శాస్త్రవేత్తలు రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు శిక్షణ ఇచ్చేటప్పుడు పాలసీ మినహాయింపులను కోతానంతర యాజమాన్యంతో కలిపి వివరించడం అవసరం. ప్రతి సీజను ముగిశాక ఫిర్యాదులను కారణాల వారీగా వర్గీకరిస్తే ఏ తోటలో తెగులు, ఏ ప్యాకింగ్‌లో లోపం, ఏ మార్గంలో ఆలస్యం ఉన్నదో బయటపడుతుంది. ఆ లెక్కను తరువాతి కోతలకు ముందే సభ్య రైతుల ముందుంచితే, ఈ ఏడాది వాపసు చెల్లించిన సొమ్ము వచ్చే ఏడాది నష్టాన్ని తగ్గించే సమాచారంగా మారుతుంది.