సహజ వనరుల సంరక్షణ విద్య – ఉపాధి అవకాశాలు: చెవిటికల్లు ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

నేల, నీరు, అడవి, ఖనిజం – ఈ నాలుగింటినీ తరిగిపోకుండా వినియోగించుకొనే పద్ధతులను తెలిపేదే సహజ వనరుల సంరక్షణ శాస్త్రం. ఈ విద్యను అభ్యసించిన వారికి ఏ ఉద్యోగం లభిస్తుందన్న సందేహం విద్యార్థులలో సాధారణంగా ఉంటుంది. మన దేశంలో ఈ పేరుతో ప్రత్యేకమైన ఉద్యోగ శ్రేణి అంటూ లేదు. పని మాత్రం వ్యవసాయ, అటవీ, భూగర్భజల, గనుల రంగాలలో వేర్వేరు పేర్లతో విస్తరించి ఉంది. అందువలన డిగ్రీ పేరు కంటే అందులో చదివిన ప్రధాన పాఠ్యాంశం, క్షేత్రంలో కొలిచి నిరూపించగల నైపుణ్యం ఉపాధిని ఎక్కువగా నిర్ణయిస్తాయి.

క్షేత్రంలోని అవసరం

ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన నందిగామ, జగ్గయ్యపేట పరిసరాలు 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. కంచికచర్ల మండలంలోని చెవిటికల్లు గ్రామం కృష్ణానదిపై పులిచింతల జలాశయానికి దిగువన, ప్రకాశం బ్యారేజికి ఎగువన ఉంది. 2021 ఆగస్టు 14న ఇక్కడి ఇసుక రీచ్‌లో వందకు పైగా లారీలు ఆకస్మిక వరదలో చిక్కుకున్నాయి. నది ప్రవాహం, జలాశయం నుండి నీటి విడుదల, ఇసుక తవ్వకం – ఈ మూడింటినీ ఒకే చోట కలిపి చూడగల నిపుణుల అవసరాన్ని ఈ ఘటన తెలియజేస్తుంది.

నదిలోని ఇసుక పొర నీటిని నిల్వ చేసుకొని ఒడ్డున ఉన్న బావులకు ఊట అందిస్తుంది. నది అడుగు మట్టం లోతుకు పోయినచోట పరిసరాల భూగర్భజల మట్టం కూడా దిగుతుంది. ఎంత ఇసుక తీయవచ్చునో తేల్చాలంటే వర్షాకాలానికి ముందు, తర్వాత నది అడ్డుకోతలను సర్వే చేసి, వరద తిరిగి చేర్చిన ఇసుక పరిమాణాన్ని లెక్కించాలి. ఒడ్డు దాటి మెట్టకు వెళితే ప్రశ్న మారుతుంది. ప్రత్తి, మిరప పండే నల్లరేగడి నేలలు తడిసిన తర్వాత నీటిని నెమ్మదిగా ఇంకించుకుంటాయి. భారీ వర్షాలకు పైమట్టి కొట్టుకుపోతుంది. జగ్గయ్యపేట వైపు సిమెంటు కర్మాగారాలకు సున్నపురాయి తీసిన గనులను తిరిగి పచ్చదనంలోకి తేవలసి ఉంటుంది. ఇలా ఒక్క రెవెన్యూ డివిజన్‌లోనే ఈ విద్యకు మూడు రకాల పని కనిపిస్తుంది.

చట్టాలు కల్పించిన ఉపాధి

2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 5 హెక్టార్ల లోపు చిన్నతరహా ఖనిజ లీజులకు కూడా పర్యావరణ అనుమతి అవసరమని ఆదేశించింది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఇసుక తవ్వకాలకు జిల్లా సర్వే నివేదికలను తప్పనిసరి చేసింది. 2020లో అమలు, పర్యవేక్షణ మార్గదర్శకాలు వెలువడ్డాయి. పర్యావరణ ప్రభావ నివేదికలను తయారుచేసే సంస్థలు గుర్తింపు పొందిన నిపుణులను నియమించుకోవాలి. ఆ నిపుణుల విభాగాలలో నేల సంరక్షణ, భూ వినియోగం, భూగర్భజలం, జీవవైవిధ్యం ఉన్నాయి. రాష్ట్రంలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం (వాల్టా), అదే సంవత్సరం వచ్చిన జీవవైవిధ్య చట్టం కూడా గ్రామస్థాయి వరకు సాంకేతిక సహాయాన్ని కోరుతున్నాయి.

ప్రభుత్వ ఉద్యోగాలు – అర్హతల విషయంలో జాగ్రత్త

భారత అటవీ సర్వీసు పరీక్షకు వృక్ష, జంతు, రసాయన, భౌతిక, భూగర్భ, గణిత, సాంఖ్యక, పశుసంవర్ధక శాస్త్రాలలో కనీసం ఒకటి చదివిన డిగ్రీ గాని, వ్యవసాయ, అటవీ, ఇంజనీరింగ్ డిగ్రీ గాని ఉండాలి. కేంద్ర భూగర్భజల మండలిలో జలభూగర్భ శాస్త్రవేత్త పదవికి భూగర్భశాస్త్రం లేదా దాని అనుబంధ శాస్త్రంలో స్నాతకోత్తర పట్టా అవసరం. భారత వ్యవసాయ పరిశోధన మండలి శాస్త్రవేత్తల నియామకాలు మృత్తికా శాస్త్రం, భూమి–నీటి యాజమాన్య ఇంజనీరింగ్ వంటి విభాగాల వారీగా జరుగుతాయి. వీటికి సంబంధిత విభాగంలోని ఉన్నత విద్యార్హత ఉండాలి. పేరు ఆకర్షణీయంగా ఉన్నా, ఈ మూల శాస్త్రాలేవీ లేని డిగ్రీ విద్యార్థికి పరీక్ష రాసే అవకాశమే లేకుండా చేయవచ్చు. ఈ సంగతి చివరి సంవత్సరంలో తెలిస్తే దిద్దుకొనే వీలుండదు.

వాటర్‌షెడ్ పథకాలు, స్వచ్ఛంద సంస్థలు

2008 ఉమ్మడి మార్గదర్శకాల ప్రకారం వాటర్‌షెడ్ అభివృద్ధి బృందంలో వ్యవసాయం, మృత్తికా శాస్త్రం, నీటి యాజమాన్యం, సామాజిక సమీకరణలలో అనుభవం గల కనీసం నలుగురు ఉండవలసి ఉండేది. వారిలో ఒక మహిళ తప్పనిసరిగా ఉండేది. ఇవి చాలావరకు పథకం కాలానికి పరిమితమైన ఉద్యోగాలు. అయితే ఇక్కడ లభించే క్షేత్రానుభవం పై ఉద్యోగాలకు పునాది అవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాలలో అమలైన రైతు యాజమాన్య భూగర్భజల పథకంలో రైతులే వర్షపాతాన్ని, బోర్ల నీటిమట్టాన్ని కొలిచి, ఉన్న నీటిని బట్టి పంటలను నిర్ణయించుకున్నారు. శాస్త్రాన్ని రైతు భాషలో చెప్పగల కార్యకర్తలు లేనిదే అటువంటి పథకం నడవదు.

విద్యార్థి సిద్ధం కావలసిన తీరు

1. మృత్తికా శాస్త్రం, భూగర్భశాస్త్రం, అటవీ శాస్త్రం, వ్యవసాయ ఇంజనీరింగ్‌లలో ఒకదానిని మూలంగా ఎంచుకొని, సంరక్షణను స్నాతకోత్తర స్థాయిలో ప్రత్యేకాంశంగా చదవడం మేలు. బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల, ములుగు (సిద్దిపేట జిల్లా) అటవీ కళాశాల ఇందుకు దగ్గరి మార్గాలు.

2. లెవెల్ సర్వే, మట్టి విశ్లేషణ, జి.ఐ.ఎస్. పటాల తయారీ స్వయంగా చేయడం నేర్చుకోవాలి.

3. స్వగ్రామంలో నాలుగైదు బావుల నీటిమట్టాన్ని మే, నవంబరు నెలలలో కొలిచి రెండేళ్లు నమోదు చేస్తే, అది ఇంటర్వ్యూలో చూపదగిన ఆధారం అవుతుంది.

4. ఒక పర్యావరణ అనుమతి పత్రంలోని షరతులను చదివి, వాటి అమలును క్షేత్రంలో పరిశీలించడం అలవరచుకోవాలి.

జగ్గయ్యపేట సమీపంలోని గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల విస్తరణ శాస్త్రవేత్తలు ఇంటర్మీడియట్ విద్యార్థులకే ఈ అర్హతల వివరాలు తెలియజేయగలిగితే, గ్రామీణ విద్యార్థులు సరైన కోర్సును సకాలంలో ఎంచుకోగలుగుతారు. నది ఒడ్డు గ్రామాల అవసరాలు తెలిసినవారే ఆ నదిని కొలిచే నిపుణులుగా తిరిగి రావడానికి కూడా అదే తొలి మెట్టు.