నింగిలో బేరియం, నేల మీద భయం

1963 నవంబరు 21. సాయంత్రం 6 గంటల 25 నిమిషాలు. కేరళలో త్రివేండ్రం దగ్గరున్న తుంబా అనే జాలరిపల్లె నుంచి ఒక రాకెట్ పైకి లేచింది. దాని పేరు నైకి-అపాచీ. రాకెట్ అమెరికాది, దాని తలలో పెట్టిన సరుకు ఫ్రాన్సుది. ఆ సరుకు మరేమిటో కాదు, సోడియం. కాసేపటికి ఆకాశంలో నారింజరంగు మేఘం ఒకటి వెలిగింది. అటు కేరళలోనూ ఇటు తమిళనాడులోనూ జనం తలలెత్తి చూశారు. మన దేశపు రోదసి పరిశోధన ఆ మేఘంతోనే మొదలైంది.

తరువాత బేరియం వంతు వచ్చింది. 1980ల తొలి సంవత్సరాల్లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచి లేచిన రోహిణి రాకెట్లు పై వాతావరణంలో బేరియం ఆవిరిని వదిలాయి. విజయవాడకూ శ్రీహరికోటకూ సూటిగా కొలిస్తే దాదాపు 310 కిలోమీటర్లు. మేఘం 200 కిలోమీటర్ల ఎత్తున ఉందనుకోండి. ఆకాశం నిర్మలంగా ఉంటే, ప్రకాశం బారేజి మీద నిలబడి దక్షిణానికి చూసేవారికి అది దిగంతం నుంచి నడినెత్తికి పోయే దారిలో మూడో వంతు ఎత్తున కనిపించాలి. కాగితం మీద త్రిభుజం గీసి మీరే సరిచూసుకోండి.

అంటే అది మనకు మరీ పరాయి ఆకాశమేమీ కాదన్నమాట. అలాంటప్పుడు డెల్టా పిల్లలకు రావలసిన అనుమానం ఒకటుంది. పైన వదిలిన ఆ లోహం కిందికి దిగి మన బందరు కాలువలో, ఏలూరు కాలువలో, వరిచేలలో పడదా? కాలువ నీటిని చెరువుకు పెట్టుకుని ఏడాది పొడుగునా తాగే ఊళ్ళు మనకెన్ని లేవు! కాబట్టి ఈ ప్రశ్నను నవ్వి తోసెయ్యకూడదు. లెక్క కట్టి జవాబు చెప్పుకోవాలి.

ముందు అసలు ఎందుకు వదులుతారో చూద్దాం. కళ్ళంలో తూర్పారబట్టబోయే రైతు గుప్పెడు పొల్లు ఎగరేసి గాలివాటు చూస్తాడు గదా! శాస్త్రజ్ఞులు చేసేదీ అదే. బెలూన్లు 40 కిలోమీటర్లు దాటి పోవడం కష్టం. 150 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం నిలవలేదు, గాలి రాపిడికి త్వరలోనే కూలిపోతుంది. ఆ నడిమి ఆకాశంలో గాలి ఎటు వీస్తుందో తెలియాలంటే కంటికి కనబడేదేదో అక్కడ ఎగరెయ్యాలి. రాకెట్లో లోహాన్ని భగ్గుమని మండే మరో రసాయనంతో కలిపి పెడతారు. ఆ వేడికి లోహం ఆవిరై బయటికి చిమ్ముతుంది. సూర్యుడు అస్తమించాక నేల మీద చీకటి పడుతుంది గాని, అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది. ఆ ఎండలో సోడియం పరమాణువులు నారింజరంగులో మెరుస్తాయి. ఒకప్పటి పచ్చని వీధిదీపాల వెలుగు కూడా ఈ సోడియానిదే సుమా!

బేరియం తమాషా ఇంకా గొప్పది. మొదట ఆకుపచ్చగా కనబడుతుంది. ఒక నిమిషం లోపలే ఎండ తగిలి చాలా పరమాణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని అయాన్లవుతాయి. వాటి రంగు ఊదా. మామూలు పరమాణువులు గాలి వెంట పోతాయి. అయాన్లు మాత్రం భూమి అయస్కాంత రేఖల వెంట బారుగా సాగుతాయి. మేఘం రెండుగా విడిపోతుంది. దూరదూరంగా ఉన్న మూడు నాలుగు చోట్ల నుంచి ఫోటోలు తీస్తే గాలి వేగమూ, అక్కడి విద్యుత్ క్షేత్రమూ రెండూ తెలుస్తాయి.

ఇక విషం సంగతి. నీటిలో కరిగే బేరియం లవణాలు విషమే, సందేహం లేదు. బేరియం కార్బొనేట్‌ను ఎలుకల మందుగా వాడేవారు. అయితే అదే బేరియం సల్ఫేట్‌ను కడుపు ఎక్స్‌రే తీసే ముందు రోగి చేత తాగిస్తారు. అది నీటిలో కరగదు గనుక ఒంటికి పట్టదు. ఏ రూపంలో ఉంది, ఎంత ఉంది అన్న రెండూ తెలియకుండా విషమని గాని, కాదని గాని అనలేం.

ఎంత ఉంటుందో చూద్దాం. ఒక్కో ప్రయోగంలో వదిలేది మామూలుగా కొన్ని కిలోలు. లెక్క సులువుగా ఉండేందుకు 10 కిలోలనుకుందాం. అదంతా ఒక్క మిల్లీగ్రామయినా అటూ ఇటూ పోకుండా, విజయవాడ చుట్టూ 100 కిలోమీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో పడిందనుకోండి. నిజానికి అలా జరగదు. అంత పలుచని గాలిలో ఆవిరి కొద్ది నిమిషాలలోనే పదుల కిలోమీటర్లు విచ్చుకుంటుంది, కిందికి దిగేలోగా దేశదేశాల మీదికి చెదిరిపోతుంది. అయినా అతి చెడ్డ పరిస్థితినే తీసుకుందాం. వృత్తం వైశాల్యం సుమారు 31,400 చదరపు కిలోమీటర్లు. ఒక చదరపు మీటరుకు వచ్చేది 0.3 మైక్రోగ్రాము. మీటరు లోతున్న చెరువులో అది కలిస్తే లీటరుకు 0.0003 మైక్రోగ్రాము. తాగే నీటిలో లీటరుకు 1,300 మైక్రోగ్రాముల దాకా ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన లెక్కలో వచ్చినది అందులో 40 లక్షల వంతు కూడా లేదు. పైగా మామూలు మట్టిలోనే కిలోకు కొన్ని వందల మిల్లీగ్రాముల బేరియం సహజంగా ఉంటుంది.

సోడియం సంగతి చెప్పనే అక్కర్లేదు. 2 కిలోల సోడియం అంటే సుమారు 5 కిలోల ఉప్పులో ఉండేదే. చినగంజాం ఉప్పు మడులు చూసినవారికి అదెంతో చెప్పాలా? ఉల్కలు మండి రాలే సోడియంతో 90 కిలోమీటర్ల ఎత్తున ఒక పొర ఎప్పుడూ ఉండనే ఉంది.

బేరియానికి భయపడవలసింది దీపావళి నాడు. ఆకుపచ్చ కాంతి ఇచ్చే మతాబాల్లో బేరియం నైట్రేట్ వాడేవారు. ఆ పొగ మన ముక్కు ముందే! బాణసంచాలో బేరియం లవణాలు వాడరాదని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

కొందరు వీటిని మేఘమథనంతో కలిపేసుకుంటారు. అది వేరు. 2000ల దశకంలో మన రాష్ట్రంలో విమానాలతో చేసినది వానమేఘాల మీద, నేలకు కొద్ది కిలోమీటర్ల ఎత్తున. వానా తుఫానూ పుట్టేది 18 కిలోమీటర్ల లోపలే. 200 కిలోమీటర్ల ఎత్తున కొన్ని కిలోల ఆవిరి తుఫానును తేనూ లేదు, ఆపనూ లేదు.

అయితే ప్రమాదమే లేదా? ఉంది, కాని మనం వెతికే చోట కాదు. ట్రైమిథైల్ అల్యూమినియం అనే ద్రవాన్ని కూడా ఇలాగే వదులుతారు. అది గాలి తగిలితే చాలు, అంటుకుంటుంది. దాన్ని రాకెట్లో నింపే మనుషులకే ముప్పు. కాలిపోయిన రాకెట్ గొట్టం ఎక్కడ పడుతుందన్నది మరో సంగతి. అందుకే శ్రీహరికోట బంగాళాఖాతం ఒడ్డున ఉంది, ప్రయోగమప్పుడు జాలర్లను సముద్రంలోకి పోవద్దంటారు. పరిమాణం గురించే అడగదలిస్తే పెద్ద రాకెట్ల గురించి అడగండి. పి.ఎస్.ఎల్.వి. మొదటి అంచెలోనే సుమారు 138 టన్నుల ఘన ఇంధనం మండుతుంది, ఆ పొగలో హైడ్రోజన్ క్లోరైడు ఉంటుంది. 1973లో స్కైలాబ్‌ను మోసుకుపోయిన రాకెట్ పొగకు అయనావరణంలో పెద్ద గొయ్యి పడింది, కొన్ని గంటలకు పూడింది.

జనం కంగారుపడేది చాలాసార్లు రసాయనం వల్ల కాదు, ముందుగా తెలియకపోవడం వల్ల. 2019 ఏప్రిల్ 5 రాత్రి నార్వే నుంచి నాసా రెండు రాకెట్లు ఎగరేసి రంగుల మేఘాలు వదిలితే, సంగతి తెలియనివారు గాభరాపడ్డారు. ఏ రసాయనం, ఎన్ని కిలోలు, ఏ వేళకు అన్నది ముందు రోజే పేపర్లో వేస్తే సగం భయం పోతుంది. ఆ మాట అడిగే హక్కు కింద ఉన్నవారికి ఉంది.

ఆవిరి లేకుండా గాలిని కొలిచే పద్ధతీ మన రాష్ట్రంలోనే ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలో 1990ల తొలినాళ్ళ నుంచి పనిచేస్తున్న రాడారులో 1,024 యాంటెన్నాలు వరుసగా పాతి ఉంటాయి. అవి పంపే రేడియో తరంగాలు పైన తగిలి తిరిగి వస్తాయి, వాటిని బట్టి గాలి వేగం కడతారు. కాని 100 కిలోమీటర్లు దాటాక మామూలు గాలి నుంచి దానికి ప్రతిధ్వని రాదు. అందుకే అక్కడి గాలిని చూడటానికి ఇంకా ఆవిరి మేఘాలు వదులుతూనే ఉన్నారు.