కొలుచుట, తూచుట



బడికి పోవు బాలుని సంచిలో గీతలు గీయు బద్ద యొకటి యుండును. వాడు దానిని 'స్కేలు' అనును. దేశపటము అడుగున, ఇంత దూరమునకు ఇంత గీత యని చూపు గుర్తును గూడ ఇంగ్లీషువారు ఆ మాటతోనే పిలుతురు. ఉద్యోగి జీతము మెట్లుమెట్లుగా పెరుగు క్రమమును స్కేలే, సంగీతమున స్వరముల ఆరోహణమును స్కేలే. త్రాసు చిప్ప స్కేలు, చేప మీది పొలుసు స్కేలు. ఒక్క మాట ఇన్ని బరువులు మోయుట వింతగా తోచును.

విచారించినచో నది యొక్క మాట కాదు, మూడు మాటలు. త్రాసు చిప్పకు వచ్చిన పేరు ఉత్తర ఐరోపావారి ప్రాచీన భాషలో గిన్నెకు పేరు. పటమునకు, స్వరమునకు, జీతమునకు వచ్చిన పేరు లాటిను భాషలో నిచ్చెనకు పేరు. చేప పొలుసు పేరు ప్రాచీన ఫ్రెంచి భాషలో పెంకునకు చెల్లిన మాట. మూడు వాగులు వేరువేరు కొండలలో పుట్టి, పల్లమునకు దిగునప్పటికి ఒక్క పేరుతో పారినట్లయినది.

మన తెలుగున ఈ పనులకు వేరువేరు పేర్లున్నవి. బద్దను కొలబద్ద యందుము, చేపది పొలుసు, తూచునది త్రాసు లేక తక్కెడ. అయినను మన కొలతల మాటలలోను ఇట్టి చిత్రములు కొల్లలు. నేడు మీతో ముచ్చటింపదలచినది వానిని గూర్చియే. ఇది కేవలము భాషావినోదము కాదు. మీ యిండ్లలోని పాత కాగితములకును దీనికిని గట్టి సంబంధము కలదు. ఆ సంగతి చివర మనవిచేసెదను.

మొదట క్రియలను చూతము. కొలుచుట వేరు, తూచుట వేరు. ధాన్యమును, పాలను కొలిచి పోయుదురు. బట్టను కొలిచి చింపుదురు. నేలను కొలిచి హద్దురాళ్ళు పాతుదురు. బంగారమును, బెల్లమును తూచి యిత్తురు. పాత్రతో గాని బద్దతో గాని చేయునది కొలుచుట, త్రాసుతో చేయునది తూచుట. ఈ భేదము పల్లెలో నెవరును నేర్పకయే పిల్లలకు పట్టుపడును.

'కొలుచు' అను క్రియకు మరియొక అర్థము కలదు, సేవించుట. 'వడ్లు కొలిచెను' అన్నను కొలిచెను, 'శివుని కొలిచెను' అన్నను కొలిచెను. దేవుని కొలుచువాడు కుంచము చేతబట్టుకొని గుడికి పోడు గదా! అయినను వినువారి కెవరికిని సందేహము కలుగదు. కర్మపదమే అర్థమును తేల్చును. రాజు కొలువు దీరుటయు, ఉద్యోగి కొలువు చేయుటయు, పండుగనాడు ఆడపిల్లలు బొమ్మల కొలువు పెట్టుటయు ఈ సేవార్థమునకు చెందినవే.

ఇక 'తూచు' అను దానికి 'తూగు' అని జంట. దాగు, దాచు, కాగు, కాచు, తూగు, తూచు. వస్తువు తనంత తాను చేయునది మొదటిది, మనిషి దానిచేత చేయించునది రెండవది. కోమటి బెల్లమును తూచును, బెల్లము వీశెడు తూగును. త్రాసు రెండు వైపులకు నూగులాడును గదా. తూగుటుయ్యెలయు నట్లే యూగును, నిద్ర ముంచుకొనివచ్చినవాడును కూర్చున్నచోటనే తూగును. ఇద్దరు సమానులైనచో ఒకరికొకరు సరితూగుదురు. కలిగినవాడు సిరిసంపదలతో తులతూగును. తెలిసినవాడు ఆచి తూచి మాటాడును. త్రాసు ఒకవైపునకు వంగిన మొగ్గినదందుము. తగవు తీర్చు పెద్ద ఒకరి పక్షమునకు మొగ్గు చూపెనన్నచో, ఆ నింద త్రాసునుండి వచ్చినదే. పడికట్టు అనగా తూకపు రాయి. రాయి ఎల్లప్పుడు నొక్క బరువే తూగునట్లు, అందరి నోట మారక నలుగు మాట పడికట్టు మాట యైనది.

సంస్కృతమునుండి వచ్చిన 'మానము' ఇంతకంటె తమాషా. దానికి కొలత యనియు గౌరవమనియు రెండర్థములు. రూపమొక్కటే గాని ధాతువులు రెండు. కొలుచుట యను అర్థముగల ధాతువునుండి పరిమాణము, ఉపమానము, అనుమానము, ప్రమాణము వచ్చినవి. తలచుట యను అర్థముగల ధాతువునుండి అభిమానము, సన్మానము, అవమానము వచ్చినవి. వీనిలో 'ప్రమాణము' అను మాటను మనసున నుంచుకొనుడు. కొలతకు ఆధారము ప్రమాణము, దేవుని ముందు పలుకు ఒట్టును ప్రమాణమే. కళ్ళములో ధాన్యము కొలుచువాడు మొదటి కుంచమును 'ఒకటి' అనక 'లాభము' అని పలుకుట మీరెరిగినదే. కొలుచువాని నోటిని, చేతిని నమ్మియే రైతు రాశి ముందు నిలుచును. కుంచమును శిఖ నిలుచునట్లు పోసి కొలువవచ్చును, అంచు వెంబడి చదును చేసియు కొలువవచ్చును. కుంచము మారలేదు, లెక్క మారలేదు, గింజలు మాత్రము మారినవి. కావున కొలత సగము పాత్రలోను, సగము మనిషిలోను ఉన్నది.

ఇక కాగితముల సంగతి. మన పెద్దల ధాన్యపు లెక్క సాధారణముగా నిట్లుండెడిది. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. ఐదు తూములు ఏదుము, పది తూములు పందుము. ఒక తాత తన భూమినుండి ఏటేట గుడికి పందుము వడ్లు చెల్లింపవలెనని దానపత్రము వ్రాసెననుకొనుడు. మనుమడు పట్టణమున చదివినవాడు. 'పందుము' అన్న నేమో వానికి తెలియదు. పది కుంచములనుకొనిన గుడికి నష్టము, పది పుట్లనుకొనిన వానికి నష్టము. నలువది కుంచములని, అనగా అరపుట్టి యని చెప్పగల ముసలివారు ఊరిలో లేకున్నచో ఆ పత్రము నోరులేని సాక్షి యగును. మరియు నిన్ని గింజలు చల్లుటకు చాలిన నేలను ఆ పేరుతోనే పిలుచుట కలదు గనుక, 'పుట్టెడు' అని కనబడినచో అది ధాన్యమో, భూమియో గూడ చూచుకొనవలెను.

తూకములలోను ఇట్టి చిక్కులే. మద్రాసు లెక్కలో మూడు తులములు పలము, ఐదు పలములు ఏబలము, పది పలములు పదలము, నలువది పలములు వీశె, ఎనిమిది వీశెలు మణుగు, ఇరువది మణుగులు బారువ. ఆ వీశెలో నైదవ పాలైన శేరు 24 తులములు. పక్కా శేరు 80 తులములు. ఒకటి నేటి లెక్కకు సుమారు 280 గ్రాములు, మరియొకటి సుమారు 933 గ్రాములు. పేరొక్కటి, బరువు మూడింతలకు మించి తేడా!

1956లో దేశమంతటికి నొక్క కొలతయని శాసనము చేసి, 1958 అక్టోబరు మొదలుకొని కిలోగ్రాములను దశలవారీగా వాడుకలోనికి తెచ్చిరి. అది మేలే యైనది. కాని పాత మాటలు చావలేదు, అర్థము మార్చుకొని బ్రతికినవి. పాత తులము సుమారు 11.66 గ్రాములు. నేడు అంగడిలో తులమన్నచో పది గ్రాములని చెప్పుకొనుట వాడుక. నాయనమ్మ తన పాత కాగితమున మనుమరాలికి పది తులముల బంగారమని వ్రాసియుంచినచో, దానిని నేటి తులముతో లెక్కించినవాడు పదునారు గ్రాములకు పైగా తగ్గించి యిచ్చినవాడగును. వాడు దొంగ కాకపోవచ్చును. మాట వానిని మోసగించినది. భూమి సంగతియు నంతే. తెలంగాణమున ఎకరము నలువది గుంటలు, ఆంధ్రమున ఎకరము నూరు సెంట్లు. ఎకరమొక్కటే యైనను, గుంటను సెంటనుకొనినవాడు రెండున్నర యింతల పొరపాటు చేయును.

కావున పెద్దలైన మీకు నా మనవి యిది. మీ యూరి కుంచము ఎన్ని మానికలది, శిఖతో కొలిచెడివారా చదునుగా కొలిచెడివారా, మీ యింటి శేరు కచ్చాయా పక్కాయా, పుట్టెడు నేల యనగా మీ తాతలు ఎన్ని యెకరములని చెప్పెడివారు, ఈ సంగతులు మీకు నోటికి వచ్చును. మీ మనుమలకు రావు. ఒక తెల్లకాగితము తీసి, ఈ లెక్కలను మీ చేతితో వ్రాసి, తేదీ వేసి, భూమి కాగితములున్న పెట్టెలోనే భద్రపరుపుడు. అటకమీద పాత కుంచము గాని పడికట్టు రాళ్ళు గాని యున్నచో పాతసామానువానికి వేయకుడు. కుంచమును నేటి లీటరుతో కొలిచి, రాతిని నేటి త్రాసుతో తూచి, ఆ అంకెలను గూడ ఆ కాగితముననే చేర్చుడు.

అర్ధగంట పని. రేపు అన్నదమ్ములు పాత పత్రమొకటి ముందు వేసుకొని కూర్చున్ననాడు, ముల్లు ఎటును మొగ్గక నడుమ నిలుచుటకు ఆ కాగితమే ప్రమాణమగును.