పక్క జంటకే పడిపోతాం

‘ఎటర్నల్ లవ్’ చూస్తూ నేను ఏడ్చింది నాయికా నాయకుల కోసం కాదు, ఫెంగ్‌జియు కోసం.

2017లో వచ్చిన ఈ చైనా సీరియల్ 58 భాగాలు. కథ బాయ్ చియాన్, యే హువాలది. ఫెంగ్‌జియు ఆ నాయికకు మేనకోడలు, తొమ్మిది తోకల ఎర్ర నక్క. తన ప్రాణం కాపాడిన దేవుడు దోంగ్‌హువా రుణం తీర్చుకోబోయి అతని మీద మనసు పారేసుకుంటుంది. నక్కల రాజవంశంలో పుట్టిన పిల్ల, అతని ప్రాసాదంలో పనిమనిషిగా చేరుతుంది. అతనేమో మూడు జన్మల శిల మీద తన పేరును ఎప్పుడో తానే చెరిపేసుకున్నవాడు. ఆ శిల మీద పేరు లేనివాడికి జోడీ రాసిపెట్టి ఉండదు. మనకు నొసటి రాత ఎలాగో వాళ్లకు రాతి మీది రాత అలాగ. (ఆ పేరున్న రాయి హాంగ్‌జౌలో నిజంగానే ఉంది. దాని పాత కథ మాత్రం ప్రేమికులది కాదు, మరుజన్మలోనూ మాట తప్పని ఇద్దరు స్నేహితులది.)

దోంగ్‌హువా ఒకసారి భూలోకంలో చక్రవర్తిగా పుడతాడు. ఫెంగ్‌జియు అతని అంతఃపురం చేరుతుంది. అక్కడ అతనికి శిల గుర్తులేదు, తాను దేవుడినన్న సంగతీ గుర్తులేదు. ఆమెను ప్రేమిస్తాడు. ఆ నాలుగు రోజుల ముచ్చట తీరి దేవలోకానికి తిరిగొచ్చాక మళ్లీ అదే రాయి, అదే ఖాళీ. ఇప్పుడు అతనికీ ఆమె కావాలి. అయినా దగ్గరికి రానివ్వడు.

పోస్టర్ మీది ఇద్దరూ ఎన్ని కష్టాలు పడినా మనకు లోపల ఒక ధీమా ఉంటుంది. పక్క జంట విషయంలో అది ఉండదు. రచయిత వాళ్లను ఏ మలుపులోనైనా వదిలేసి ముందుకు సాగిపోవచ్చు. అందుకే వాళ్లు కనిపించే ఐదు నిమిషాలూ ఊపిరి బిగపట్టి చూస్తాం. చైనాలో ఇలాంటి జోడీని ‘ఫు సీపీ’ అంటారు, ఉపజంట అని. ఇద్దరూ దగ్గరైతే మిఠాయి పంచినట్టు, విడిపోతే కత్తి దింపినట్టు.

2020లో ఈ ఇద్దరినే నాయికా నాయకులను చేసి, ఆ పాత్రలు వేసిన అదే దిల్‌రబా, అదే గావ్ వేయ్‌గువాంగ్‌లతో 56 భాగాల ‘ఎటర్నల్ లవ్ ఆఫ్ డ్రీమ్’ తీశారు. ఆత్రంగా చూశాను. వాళ్లు కలిసినందుకు సంతోషించాను కూడా. కానీ నాకు మొదటిదే గొప్పది. అక్కడ చెప్పకుండా మిగిల్చినదంతా నాలో నేనే నింపుకున్నాను మరి.

2022 నాటి ‘లవ్ బిట్వీన్ ఫెయిరీ అండ్ డెవిల్’లో పక్క జంటకు చెందిన రోంగ్‌హావ్ మరీ గుండె పిండేస్తాడు. గురువైన దేవతను ప్రేమించి, ఆమెను తిరిగి బతికించుకోవాలని పాపాలకు ఒడిగడతాడు. ప్రతినాయకుడని తెలిసీ నేను అతన్ని ద్వేషించలేకపోయాను.

పక్క జంటతో గుండె పిండే ఈ నేర్పు టీవీతో పుట్టింది కాదు. 18వ శతాబ్దపు చైనా నవల ‘ఎర్ర మేడ కల’ బావ్‌యూ, దాయ్‌యూల కథ. అందులో 66వ అధ్యాయం మాత్రం యూ ఇంటి మూడో అమ్మాయిది. లియూ శియాంగ్‌లియన్ నిశ్చితార్థం గుర్తుగా ఇచ్చిన కత్తి ఆమె దగ్గర ఉంటుంది. ఒకే ఒరలో రెండు కత్తులు, వాటి మీద జంట వీడని నీటిబాతుల పేర్లు. ఆమె శీలం మీద అనుమానపడి అతను కత్తి తిరిగి ఇమ్మంటాడు. గదిలోంచి అంతా విని ఆమె బయటికొస్తుంది. ఒరనూ ఒక కత్తినీ అతని చేతికిస్తుంది. రెండోది తన మోచేతి వెనక దాచుకుంది.