బంతి చెప్పే భౌతికశాస్త్ర పాఠం

మైదానంలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ‘చదువు పాడవుతుంది’ అంటూ ఇంటికి పిలుస్తాం. అదే పిల్లవాడు ఇంటర్మీడియట్‌లో చేరాక ‘ప్రక్షేపక చలనం’, ‘సాపేక్ష వేగం’ అనే మాటలు చూసి బెదిరిపోతాడు. ఆ రెండు పాఠాలనూ అతడు ఆటలో ఏనాడో ఆచరించాడని మనం గుర్తించం, అతడికీ గుర్తు చేయం.

1983 జూన్ 25న లార్డ్స్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌ను మన ఇళ్లలోని పెద్దలు నేటికీ తలచుకుంటారు. భారత్ చేసినవి 183 పరుగులే. ధాటిగా ఆడుతున్న వివియన్ రిచర్డ్స్, 33 పరుగుల వద్ద మదన్‌లాల్ బంతిని గాలిలోకి లేపాడు. కపిల్‌దేవ్ వెనక్కి పరుగెత్తి, ఆ బంతిని అందుకున్నాడు. భారత్ 43 పరుగుల తేడాతో గెలిచింది.

అలాంటి బంతిలో ఏకకాలంలో రెండు చలనాలుంటాయి. ఒకటి ముందుకు సాగేది, రెండవది పైకి లేచి కిందికి దిగేది. భూమ్యాకర్షణ రెండవదాన్ని మాత్రమే మారుస్తుంది. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, ఈ రెండూ కలిసి గీసే వంపుదారే పరావలయం. బంతి 4 సెకన్లు గాలిలో ఉంటే, 2 సెకన్లు పైకి, 2 సెకన్లు కిందికి. అది చేరే ఎత్తు దాదాపు 20 మీటర్లు.

ఇక సాపేక్ష వేగం. సెకనుకు 10 మీటర్ల చొప్పున ముందుకు వస్తున్న బంతికి ఎదురుగా మనం 6 మీటర్ల వేగంతో పరుగెత్తితే, అది మనల్ని 16 మీటర్ల వేగంతో సమీపిస్తుంది. బంతి సాగే దిశలోనే పరుగెత్తితే ఆ వేగం 4 మీటర్లే. అయితే కిందికి దిగే వేగం పరుగు వల్ల తగ్గదు. అందుకే నేర్పరి అయిన ఆటగాడు బంతితోపాటు చేతులనూ కిందికి దించుతాడు. బంతి ఆగే వ్యవధి పెరిగి, దెబ్బ తగ్గుతుంది.

చేతిని వదిలిన వస్తువును ముందుకు నడిపేది ఏది? వెనకనున్న గాలి నెడుతుందని అరిస్టాటిల్ భావించాడు. వైద్యుడిగా మనకు సుపరిచితుడైన ఇబ్నె సీనా (980–1037) దానిని అంగీకరించలేదు. విసిరినవాడు వస్తువుకు ‘మైల్’ అనే ఒక ప్రవృత్తిని ఇస్తాడనీ, అడ్డుకునేది లేకపోతే అది తరగదనీ వివరించాడు. ఆ దారి పరావలయమని 1638లో వెలువడిన గ్రంథంలో గెలీలియో నిరూపించాడు.

ఈ సాయంత్రం పిల్లలను ఇంటికి పిలిచే ముందు, అబ్బాయైనా అమ్మాయైనా సరే, ఒక బంతి ఇచ్చి నిటారుగా పైకి విసరమందాం. అది మళ్లీ చేతికి వచ్చేలోపు ఎన్ని సెకన్లు పట్టిందో మనం లెక్కిద్దాం. అందులో సగాన్ని అదే సంఖ్యతో హెచ్చించి, ఆపై 5తో హెచ్చిస్తే, బంతి లేచిన ఎత్తు సుమారుగా మీటర్లలో తెలుస్తుంది. తన చేతితో విసిరి తెలుసుకున్న లెక్క పుస్తకంలో ఎదురైనప్పుడు, ఆ బిడ్డ బెదరడు.