నెలనెలా జ్వరం... కడుపులో నొప్పి

తెల్లారగట్ల ఆయన ఫస్ట్ షిఫ్టుకు బయల్దేరే వేళకు బాబు ఒళ్లు కాలిపోతుంటుంది. "అత్తమ్మా, మల్ల జ్వరమొచ్చింది. కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతున్నడు" అంటుంది కోడలు. "దిష్టి తగిలిందే, ఉప్పు మిరపకాయలు తియ్యి" అంటుంది అత్తగారు. మూడోరోజుకు జ్వరం దానంతటదే పోతుంది. బాబు బడికి పోతాడు. నెల తిరక్కముందే మళ్లీ అదే కథ!

గోదావరిఖని, రామగుండం కాలనీల్లో ఏ క్వార్టర్లోనైనా జరగగల ముచ్చటే ఇది. జ్వరమంటే మనకు ముందు గుర్తొచ్చేవి మలేరియా, టైఫాయిడ్. చాలాసార్లు అవే నిజం కూడా. కానీ పరీక్షల్లో ఏమీ బయటపడకుండా, మధ్యలో పిల్లాడు ఆరోగ్యంగా ఉంటూ, జ్వరం పదేపదే తిరిగొస్తుంటే మరో కారణం గురించీ ఆలోచించాలి.

లోపలే రాజుకునే నిప్పు

గనిలో బొగ్గు ఎవరూ అంటించకుండానే రాజుకుంటుందని సింగరేణి ఇల్లాళ్లకు చెప్పక్కర్లేదు. కొందరు పిల్లల ఒంట్లోనూ అంతే. ఏ క్రిమీ రాకపోయినా రక్షణ వ్యవస్థ తనంతట తానే మంట రగిలిస్తుంది. వంశపారంపర్యంగా వచ్చే ఈ జబ్బుల్లో బాగా తెలిసింది 'ఫెమిలియల్ మెడిటరేనియన్ ఫీవర్'. టర్కీ, ఆర్మీనియా, అరబ్ దేశాల వాళ్లలో ఎక్కువ. మన దేశంలో అరుదు, కానీ లేకపోలేదు. దీనికి కారణమైన జన్యువును 1997లో కనుక్కున్నారు.

ఇందులో జ్వరం ఒకటి నుంచి మూడు రోజులుంటుంది. కడుపు లోపలి పొర వాచి, ముట్టుకోనివ్వనంత నొప్పి వస్తుంది. అపెండిసైటిస్ అనుకొని ఆపరేషన్ చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఇదే కోవలోని మరో జబ్బు మెవలోనేట్ కైనేజ్ లోపం. ఇది ఎక్కువగా ఏడాది లోపే మొదలవుతుంది. జ్వరం మూడు నుంచి ఏడు రోజులు. వాంతులు, విరేచనాలు, నోటిపూత, మెడలో బిళ్లలు కనిపిస్తాయి. కాలేయం, ప్లీహం పెరగవచ్చు.

కాలేయం మీద భారం

ఒంట్లో మంట లేచినప్పుడల్లా కాలేయం 'అమిలాయిడ్ ఎ' అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. ఏళ్ల తరబడి చికిత్స లేకపోతే అది మూత్రపిండాల్లో, పేగుల్లో, కాలేయంలో పేరుకుంటుంది. మూత్రపిండాలు పూర్తిగా చెడిపోవచ్చు కూడా. అందుకే "మూడ్రోజులకు తగ్గిపోతుంది కదా" అని ఊరుకోకూడదు.

మనం చేసే పొరపాట్లూ ఉన్నాయి. కళ్లు పచ్చబడగానే పసరు పోయించడం, జ్వరం దిగలేదని పారాసెటమాల్ మోతాదు పెంచడం... రెండూ కాలేయానికి ముప్పే. మందు పిల్లల బరువును బట్టి, డాక్టరు చెప్పినంతే.

మందు ఉంది

మెడిటరేనియన్ జ్వరానికి కాల్చిసిన్ మాత్ర పనిచేస్తుందని 1972 నుంచీ తెలుసు. రోజూ వాడితే జ్వరాలు తగ్గుతాయి, మూత్రపిండాలు నిలుస్తాయి. విరేచనాలైతే డాక్టరుకు చెప్పండి, సొంతంగా మానేయకండి. క్లారిత్రోమైసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్స్ దీనితో కలిస్తే ప్రమాదం. వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ మాత్ర సంగతి తప్పక చెప్పాలి. అడవినాభి దుంపలోనూ కాల్చిసిన్ ఉంటుంది. అలాగని ఆ దుంప నోట పెడితే ప్రాణాలే పోతాయి. మిగతా జబ్బులకు వేరే మందులు, ఇంజెక్షన్లు ఉన్నాయి.

తప్పు ఎవరిది?

"నీ పుట్టింటి నుంచి తెచ్చిన రోగం" అని కోడలిని ఆడిపోసుకోవడం అన్యాయం. ఈ రెండు జబ్బులూ సాధారణంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున లోపమున్న జన్యువులు కలిస్తేనే వస్తాయి. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికాల్లో ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ.

మీరు చేయాల్సింది

గోడ మీది క్యాలెండరే మీ ఆయుధం. జ్వరం వచ్చిన రోజు, తగ్గిన రోజు, కడుపునొప్పి, విరేచనాలు, దద్దుర్లు... అన్నీ రాయండి. జ్వరం ఉన్నప్పుడు ఒకసారి, తగ్గాక ఒకసారి సీఆర్‌పీ రక్తపరీక్ష చేయించమని అడగండి. మూత్రంలో ప్రొటీన్, కాలేయ పరీక్షలు కూడా అవసరం. ఏరియా ఆసుపత్రి పిల్లల డాక్టరుకు ఆ క్యాలెండర్ చూపించండి. అవసరమైతే హైదరాబాద్‌లో జన్యు పరీక్షకు పంపమని కోరండి.

కడుపు గట్టిపడినా, పచ్చటి వాంతులైనా, మగతగా పడి ఉన్నా మాత్రం క్యాలెండర్ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ప్రతి కడుపునొప్పీ ఈ జబ్బే కాదు. నిజంగా అపెండిసైటిస్ కూడా కావచ్చు!